ఇంగ్లిష్ వచ్చు, అయినా ప్రొఫెసర్‌కి అర్థం కాదు

అమెరికాలో ఎంఎస్, మొదటి సెమిస్టర్, సెప్టెంబరు మూడో వారం. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వెళ్లిన కుర్రాడు ప్రొఫెసర్‌కి రాసే మెయిల్ దాదాపు ఇలా ఉంటుంది: ‘రెస్పెక్టెడ్ సర్, గుడ్ మార్నింగ్. మైసెల్ఫ్ ఫలానా, ఫ్రమ్ యువర్ మెషీన్ లెర్నింగ్ క్లాస్. ఐ హ్యావ్ ఎ డౌట్ ఇన్ అసైన్‌మెంట్ టూ. కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్. థాంకింగ్ యూ సర్.’ రెండ్రోజులకి జవాబు వస్తుంది, ఒకే ఒక్క లైను, ఇప్పటిదాకా ఏం ప్రయత్నించావు అని. ఒక్కోసారి అదీ రాదు. కుర్రాడికి టెన్షన్. మర్యాదగానే రాశాను కదా, తప్పెక్కడుందని రూమ్మేట్‌ని అడుగుతాడు. రూమ్మేట్‌దీ అదే బాపతు కాబట్టి ‘ఆ ప్రొఫెసర్ అంతేరా’ అని తేల్చేస్తాడు.

ఇంగ్లిష్ తప్పులు వెతికేవాళ్లకి ఈ మెయిల్లో రెండు మూడు దొరుకుతాయి. ‘మైసెల్ఫ్’ అని పరిచయం చేసుకోవడం అక్కడ చెల్లదు. ‘డౌట్’ మనకి ప్రశ్న, అమెరికన్ చెవికి అనుమానం, అంటే అసైన్‌మెంట్ మీదే వీడికి నమ్మకం లేదేమో అనిపించే మాట. ‘డూ ది నీడ్‌ఫుల్’ పాత కచేరీల ఇంగ్లిష్, మన ఆఫీసుల్లో అలాగే ఉండిపోయింది. ఇవన్నీ ఒక గంట కూర్చోబెట్టి చెప్తే పోతాయి. పోయినా ఆ మెయిల్ బాగుపడదు, ఎందుకంటే అందులో విషయమే లేదు. ఏ ప్రశ్న, ఎక్కడిదాకా చేశాడు, ఎక్కడ ఆగిపోయాడు, ఏం మార్చి చూశాడు, ఏదీ లేదు. నిజానికి అది చక్కటి అర్జీ. మండలాఫీసులో ఇచ్చే కాగితం అచ్చం ఇలాగే ఉండాలి: ముందు గౌరవం, తర్వాత తాను ఫలానా అని చెప్పుకోవడం, కష్టం ఉందని ఒక ముక్క, చివర్లో తమరు దయతో అంటూ వదిలేయడం. వివరాలు పెద్దాయన అడిగితే చెప్పాలి, అడక్కుండా చెప్తే అతి. అంత పద్ధతిగా అర్జీ రాయగలిగిన కుర్రాడికి రాయడం రాదనడం అన్యాయం. అతనికి ఒక రకం కాగితం వచ్చు, ఇంకో రకం ఎవరూ చూపించలేదు, అంతే.

విదేశీ విద్యార్థులకి అకడమిక్ కమ్యూనికేషన్ నేర్పే వ్యవహారమంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది. చాలా యూనివర్సిటీలు బోల్తా పడేదీ ఇక్కడే. ఇదేమీ చిన్న గుంపు సమస్య కాదు. 2023-24లో అమెరికాలో విదేశీ విద్యార్థులు 11,26,690 మంది అయితే అందులో భారతీయులే 3,31,602 మంది, ఆ ఏడు చైనాని దాటి మొదటి స్థానానికి వచ్చారు. వాళ్లలో తెలుగువాళ్లు ఎంతమందో అమెరికాలో ఏ ఎంఎస్ క్లాసులో కూర్చున్నా తెలుస్తుంది, వెనక బెంచీల్లో వినపడే భాషే చెప్తుంది. వీళ్లలో చాలామంది ఏదో ఒక ఇంగ్లిష్ పరీక్ష పాసయ్యే వెళ్లారు. 1964లో టోఫెల్, 1989లో ఐఈఎల్‌టీఎస్ వచ్చాయి. అప్పటినుంచీ యూనివర్సిటీల లెక్క ఒకటే: స్కోరు వస్తే భాష ఉన్నట్టు, భాష ఉంటే చదువు దానంతటదే సాగుతుంది. ఐఈఎల్‌టీఎస్‌లో 6.5 వచ్చినవాడు నలభై నిమిషాల్లో ‘ఊళ్లలో బతకడం మేలా, నగరాల్లో మేలా’ అనే తరహా వ్యాసం రాయగలడు. ఆ వ్యాసానికి పుస్తకం తెరవక్కర్లేదు, ఎవరి మాటా ఉదహరించక్కర్లేదు, రాసినదానికి ఎవరూ అడ్డు ప్రశ్న వేయరు. యూనివర్సిటీలో ఒక్క వ్యాసం కూడా అలా ఉండదు.

స్కోరు తక్కువైతే ఏం చేస్తారు? ఇంగ్లిష్ క్లాసులో వేస్తారు. ఈ పద్ధతికి చాలా చరిత్రే ఉంది. మిషిగన్ యూనివర్సిటీలో చార్లెస్ ఫ్రీస్ 1941లోనే విదేశీయులకోసం ఇంగ్లిష్ ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. బ్రిటన్‌లో విదేశీ విద్యార్థులకి ఇంగ్లిష్ చెప్పే యూనివర్సిటీ టీచర్లు 1972లో ఒక సంఘంగా కలిశారు, ఇప్పుడు బేలీప్ అని పిలిచేది దాన్నే. అక్కడి యూనివర్సిటీల్లో కోర్సు మొదలయ్యేముందు వేసవిలో కొన్ని వారాల ప్రీ-సెషనల్ క్లాసులు మామూలైపోయాయి. 2000లో న్యూజీలాండ్‌కి చెందిన ఏవరిల్ కాక్స్‌హెడ్ సుమారు 35 లక్షల పదాల అకడమిక్ రాతల్ని జల్లెడ పట్టి 570 పదకుటుంబాల జాబితా తయారుచేసింది. మామూలు ఇంగ్లిష్‌లో తరచుగా వచ్చే రెండు వేల పదాలు వదిలేస్తే, చదువుల రాతలో దాదాపు పదో వంతు ఈ మాటలే కనపడతాయని తేలింది. మంచి పని, పనికొచ్చే జాబితా. కానీ కోర్సులు దాన్ని పట్టుకుని ఏం చేశాయంటే, వారానికి యాభై మాటలు, ఖాళీలు పూరించుము. మన ఇంటర్ పిల్లలకి ఇంతకన్నా తేలికైన పని ఉండదు, జాబితా ఇస్తే రాత్రికి రాత్రి బట్టీ కొట్టేస్తారు. నేల విడిచి సాము చేయడమంటే ఇదే. సివిల్ ఇంజనీరుకీ, ఫార్మసీ అమ్మాయికీ, ఫైనాన్స్ అబ్బాయికీ ఒకే గదిలో ‘అకడమిక్ ఇంగ్లిష్’ అంటూ ఒకటి నేర్పిస్తారు. అలాంటి ఇంగ్లిష్ ఏ డిపార్ట్‌మెంటులోనూ ఉండదు.

ఈ ఆలోచనని మార్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది జాన్ స్వేల్స్ అనే భాషాశాస్త్రవేత్త. ఆయన పదాలు లెక్కపెట్టలేదు, వ్యాకరణం జోలికి పోలేదు. పరిశోధన వ్యాసాల ఉపోద్ఘాతాలు 48 ముందేసుకుని, ఇవి ఏం పని చేస్తున్నాయి అని చూశాడు. ఇది 1981 నాటి మాట. తర్వాత 1990లో దాన్ని మూడు ఎత్తులుగా కుదించాడు, చదరంగంలో ఎత్తుల్లాంటివే. మొదటి ఎత్తులో పొలం చూపిస్తావు, ఈ విషయం మీద ఇంత పని జరిగింది, ఇది ముఖ్యం అని. రెండో ఎత్తులో ఆ పొలంలో ఎవరూ దున్నని మూల ఒకటుందని చూపిస్తావు. మూడో ఎత్తులో ఆ మూలలో నాగలి పెడతావు, అంటే నేను చేసింది ఇదీ అని చెప్తావు.

మన విద్యార్థి రాతలో ఇది ఎలా తేలిపోతుందో దగ్గర్నుంచి చూడాలి. వరి ఆకు ఫొటో తీస్తే తెగులు ఏదో చెప్పే ప్రాజెక్టు అనుకుందాం, ప్రతి బ్యాచ్‌లోనూ ఇలాంటిది ఒకటి ఉంటుంది. రిపోర్టు మొదటి వాక్యం చూడకుండానే చెప్పేయొచ్చు: ‘వ్యవసాయం భారతదేశానికి వెన్నెముక.’ రెండోది: ‘నేటి ఆధునిక ప్రపంచంలో మెషీన్ లెర్నింగ్ కీలక పాత్ర పోషిస్తోంది.’ మూడోది మెషీన్ లెర్నింగ్ అంటే ఏమిటో నిర్వచనం. అలా ఒకటిన్నర పేజీ సాగి, ‘కావున ఈ ప్రాజెక్టులో మేము ఫలానా మోడల్ వాడితిమి’ అనే చోట తేలుతుంది. వ్యాకరణం చూసే టీచరు దీనికి నూటికి ఎనభై వేస్తాడు. సబ్జెక్ట్ ప్రొఫెసర్‌కి మొదటి పేజీ దాటకముందే విసుగొస్తుంది, ‘సో వాట్?’ అని మార్జిన్‌లో రాస్తాడు, ఆ రెండు మాటలకి అర్థమేంటో విద్యార్థికి తెలియదు. స్వేల్స్ లెక్కలో చూస్తే జబ్బు వెంటనే దొరుకుతుంది, రెండో ఎత్తు లేదు. అగ్గి తెగులుని ఫొటోలో గుర్తుపట్టే మోడళ్లు ఇప్పటికే ఉన్నాయి, అవి చాలావరకు తెల్ల కాగితం మీద ఆకు పెట్టి మంచి వెలుతురులో తీసిన ఫొటోలతో నేర్చుకున్నవి, పొలంలో మబ్బుపట్టిన పూట, ఆకు మీద బురద ఉంటే ఏమవుతుందో వాటికి తెలియదు, అని రెండు వాక్యాలు రాసి ఉంటే మొత్తం రిపోర్టుకి ప్రాణం వచ్చేది. తమాషా ఏంటంటే ఆ సంగతి ఆ కుర్రాడికి తెలుసు. ప్రాజెక్టు చేసినన్నాళ్లూ తలనొప్పి అదే. అది రాయాల్సిన సంగతి అని మాత్రం తెలియదు. ఎందుకంటే ముందువాళ్ల పనిలో లోటుందని చెప్పడం, అదీ పేరున్న పరిశోధకుల పనిలో, అతనికి తెలిసిన రాతలో పొగరు.

ఇక్కడ చాలామంది ‘సంస్కృతి’ అనే మాట తీస్తారు. దానికీ ఒక చరిత్ర ఉంది. 1966లో రాబర్ట్ కాప్లన్ అనే ఆయన విదేశీ విద్యార్థుల వ్యాసాలు చదివి, ఏ భాషవాళ్ల ఆలోచన ఏ ఆకారంలో నడుస్తుందో బొమ్మలు గీశాడు. ఇంగ్లిష్‌వాళ్లది తిన్నని గీత, తూర్పు దేశాలవాళ్లది గుండ్రంగా తిరిగే సుడి. మన మాటలో చెప్పాలంటే డొంకతిరుగుడు అన్నమాట. ఆ బొమ్మల మీద విమర్శ తర్వాత బోలెడు వచ్చింది, కాప్లన్ కూడా తన పట్టు కొంత సడలించాడు, అయినా టీచర్ల బుర్రల్లోంచి ఆ సుడి పోలేదు. ‘భారతీయ విద్యార్థులకి విమర్శనాత్మక ఆలోచన అలవాటు లేదు, వాళ్లది గురువు మాటే వేదం’ అనే మాట వర్క్‌షాపుల్లో ఇప్పటికీ వినపడుతుంది. మనవాళ్లు కూడా తలూపుతారు.

ఇది ఒప్పుకోదగ్గ మాట కాదు. మన శాస్త్రగ్రంథాల్లో పూర్వపక్షం లేకుండా సిద్ధాంతం లేదు. ఎదుటివాడి వాదాన్ని ముందు పూర్తిగా, వీలైతే వాడికన్నా బాగా చెప్పి, ఆ తర్వాతే ఖండించాలి. పాశ్చాత్య యూనివర్సిటీల్లో ‘లిటరేచర్ రివ్యూ’ అని నేర్పేది చాలావరకు ఇదే. మెదక్ జిల్లా కొల్చారం మనిషి మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకి వ్యాఖ్యానం రాస్తూ ముందే మాట ఇచ్చాడు, ఆధారం లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను అని. ‘నామూలం లిఖ్యతే.’ ఏ మాట ఎక్కడిదో చెప్పడాన్నే సైటేషన్ అంటారు, దీనికన్నా మంచి సైటేషన్ పాలసీ ఏ యూనివర్సిటీ హ్యాండ్‌బుక్‌లో ఉందో చూపించమనండి. అంతదాకా ఎందుకు, తెలుగు వ్యాకరణంలోనే సైటేషన్ ఉంది. ‘వాన పడింది’ వేరు, ‘వాన పడిందట’ వేరు. చూసి చెప్తున్నామో విని చెప్తున్నామో ఒక్క ‘అట’తో తేల్చేస్తాం, నాలుగేళ్ల పిల్ల కూడా ఇందులో పొరపాటు చేయదు. ‘కాబోలు’, ‘ఏమో’, ‘అనుకుంటా’, ఇవన్నీ ఎంత నమ్మకంతో చెప్తున్నామో కొలిచే మాటలు. ఇంగ్లిష్ అకడమిక్ రాతలో ‘మే’, ‘సజెస్ట్స్’, ‘అపియర్స్ టు’ చేసే పని అదే, దాన్నే హెడ్జింగ్ అంటారు. ‘ఈ ఫలితం నిరూపిస్తోంది’ అని రాసే తెలుగు విద్యార్థికి ‘ఇది చూశావా, విన్నావా, ఊహించావా’ అని అడిగితే హెడ్జింగ్ పది నిమిషాల్లో ఎక్కుతుంది. పాఠ్యపుస్తకంలో నాలుగు పేజీల పట్టిక ఇస్తే ఎక్కదు.

అందుకని తప్పు సంస్కృతిది కాదు, పరీక్షది. ఇంటర్మీడియట్ రెండేళ్లు కార్పొరేట్ కాలేజీ మెటీరియల్‌లో ఉన్నది ఉన్నట్టు, ముక్కస్య ముక్క, రాసినవాడికే మార్కులు. సొంత మాటల్లో రాస్తే దిద్దేవాడికి కీలో ఆ వాక్యం దొరకదు, మార్కు పోతుంది. ఇంజనీరింగ్‌లో సెమిస్టర్ పరీక్షకి ఆల్-ఇన్-వన్ పుస్తకం. ప్రాజెక్టు రిపోర్టు సీనియర్ బ్యాచ్ ఫైల్లో పేర్లు మార్చి. ఆ తర్వాత విదేశీ చదువుకి అప్లై చేసేటప్పుడు, తన గురించి తాను రాసుకోవాల్సిన స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ కన్సల్టెన్సీవాళ్లు రాసిపెడతారు, ‘చిన్నప్పటినుంచీ నాకు కంప్యూటర్లంటే ఆసక్తి’ అని మొదలయ్యే అదే టెంప్లేట్. అంటే ఆ యూనివర్సిటీకి తన పేరుతో వెళ్లిన మొదటి రాతే తనది కాదు. అలాంటివాణ్ని మొదటి వారంలో కూర్చోబెట్టి, ప్లేజియరిజం, అంటే ఇంకొకరి రాతని తనదిగా చూపించడం, నేరం, పట్టుబడితే ఎఫ్ పడుతుంది, వీసాకి ఆధారమైన ఐ-20 కాగితం దాకా రావచ్చు అని ఒక గంట స్లైడ్లు చూపించి, అర్థమైందని సంతకం పెట్టించుకుంటారు. భయం మిగులుతుంది, ఎలా రాయాలో మాత్రం తెలియదు.

ఎలా రాయాలో అన్నది నిజంగా నేర్పాల్సిన సంగతి, చెప్తే సరిపోదు, చేసి చూపించాలి. ఒక మూల వాక్యం ఉందనుకుందాం: ‘భూగర్భజలాలు వేగంగా తగ్గిపోవడానికి ప్రధాన కారణం బోర్ల సంఖ్య అదుపు లేకుండా పెరగడమే.’ విద్యార్థి రాసేది: ‘భూగర్భజలాలు త్వరగా పడిపోవడానికి ముఖ్య కారణం బోరుబావుల సంఖ్య నియంత్రణ లేకుండా పెరగడమే.’ నాలుగు మాటలు మార్చాడు, సొంత మాటల్లో రాశాననే అనుకుంటున్నాడు. అస్థిపంజరం మొత్తం అవతలివాడిది. దీనికి ప్యాచ్‌రైటింగ్ అని పేరు పెట్టింది రెబెకా మూర్ హోవర్డ్, 1990ల్లో. ఆమె చెప్పిన ముఖ్యమైన ముక్క ఏంటంటే, ఇది దొంగతనం కాదు, కొత్త రాతలోకి అడుగుపెట్టే ప్రతివాడూ దాటే మెట్టు. దాటించాలి, పట్టుకుని కొట్టకూడదు. దాటించడం ఎలాగంటే, పుస్తకం మూసేయించి ‘ఆయన ఏం చెప్పాడు’ అని పక్కవాడికి చెప్పించాలి, తెలుగులో చెప్పినా ఫరవాలేదు. ‘నీళ్లు అడుగంటడానికి ఆయన తప్పంతా బోర్ల మీదే వేస్తున్నాడు, వానలు తగ్గడం గురించి మాట్లాడటం లేదు’ అంటాడు. అదీ కావాల్సింది. అందులో ‘ఆయన అంటున్నాడు’ ఉంది, ‘దీని గురించి మాట్లాడటం లేదు’ కూడా ఉంది. సారాంశంతోపాటు విమర్శ కూడా వచ్చేసింది. ఇప్పుడు దాన్ని ఇంగ్లిష్‌లో పెట్టడం చిన్న పని.

యూనివర్సిటీలు దీనికి ఓపిక లేక సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పాయి. టర్నిటిన్ అనే ప్రోగ్రామ్ విద్యార్థి రాతకి ఇతర రాతలతో ఎంత శాతం పోలిక ఉందో చెప్తుంది, ఎందుకుందో చెప్పదు. కంప్యూటర్ సైన్స్ వాళ్లకి కోడ్ పోలికలు పట్టే మాస్ అనే ప్రోగ్రామ్ 1994 నుంచే ఉంది, అలెక్స్ ఐకెన్ తయారుచేసింది. వేరియబుల్ పేర్లు మార్చి మిత్రుడి కోడ్ పెడితే తెలియదులే అనుకున్న మనవాళ్లు ఏటా దానికి చిక్కుతూనే ఉంటారు. 2023 ఏప్రిల్‌లో టర్నిటిన్ ఏఐ రాతని పట్టే పరికరం కూడా జోడించింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇలాంటి ఏడు డిటెక్టర్లకి (టర్నిటిన్‌ది అందులో లేదు) మనుషులే రాసిన 91 టోఫెల్ వ్యాసాలు ఇచ్చి చూస్తే, సగటున 61 శాతం వ్యాసాలని అవి ‘ఏఐ రాసింది’ అన్నాయి. అమెరికన్ ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాలతో ఆ గొడవ దాదాపు లేదు. కారణం తేలికే, రెండో భాషలో రాసేవాళ్లు తెలిసిన మాటలే, సురక్షితమైన వాక్యాలే వాడతారు, యంత్రమూ అంతే. ఆ ఆగస్టులో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తన దగ్గర టర్నిటిన్ ఏఐ డిటెక్టర్‌ని ఆపేసింది. మిగతా చాలా చోట్ల నడుస్తూనే ఉంది. ఒకవైపు 570 మాటల జాబితా చేతికిచ్చి ఇవే వాడు అనడం, వాడితే నువ్వు మనిషివి కావేమో అనడం.

విద్యార్థుల రాతకి సాయం చేసే రైటింగ్ సెంటర్లు ఉన్నాయి కదా అనొచ్చు. ఉన్నాయి, అమెరికాలో దాదాపు ప్రతి పెద్ద యూనివర్సిటీలోనూ, డబ్బులు కూడా అడగరు. పర్డ్యూ యూనివర్సిటీ రైటింగ్ ల్యాబ్ 1976 నుంచి నడుస్తోంది, దాని వెబ్‌సైట్‌లో సైటేషన్ పద్ధతులు చూడని ఎంఎస్ విద్యార్థి అరుదు. కానీ మనవాడు అక్కడికి వెళ్లేది కారు సర్వీసింగ్‌కి ఇచ్చినట్టు ఇచ్చి రావడానికి. సాయంత్రానికి గ్రామర్ సరిచేసి ఇస్తారనుకుంటాడు. అవతల కూర్చున్న ట్యూటర్ పెన్ను ముట్టుకోడు. ‘ఈ పేరాలో నువ్వు చెప్పదలచుకున్నదేంటి?’ అని అడుగుతాడు. అరగంట అయ్యాక కూడా ఆర్టికల్ తప్పులు అలాగే ఉంటాయి. 1984లో స్టీఫెన్ నార్త్ పెట్టిన సూత్రం అది, మా పని రాతని బాగుచేయడం కాదు, రాసేవాణ్ని బాగుచేయడం అని. ఇంగ్లిష్ పుట్టుభాషగా ఉన్నవాడికి అది చాలా మంచి సూత్రం. తన వాక్యం చదువుకుంటే ఏదో తేడాగా ఉందని చెవికే తెలిసిపోతుంది. ‘ఎ’, ‘ది’ లేని భాషలోంచి వెళ్లినవాడి చెవికి తెలియదు, వాడికి ఎవరో ఒకరు ‘ఇక్కడ ది పెట్టు, ఎందుకంటే పై వాక్యంలో దీని గురించే చెప్పావు’ అని చెప్పాలి. కొన్ని సెంటర్లు ఈ సంగతి గ్రహించి పట్టు వదిలాయి. వదలని చోట మనవాళ్లు ఒక్కసారి వెళ్లి, ‘టైమ్ వేస్ట్ బ్రో’ అని గ్రూపులో పెట్టి, మళ్లీ వెళ్లరు.

మరి ఎవరు నేర్పాలి? 1998లో మేరీ లీ, బ్రయన్ స్ట్రీట్ అనే ఇద్దరు బ్రిటిష్ యూనివర్సిటీల్లో విద్యార్థుల్నీ అధ్యాపకుల్నీ కూర్చోబెట్టి మాట్లాడితే ఒక చిత్రమైన సంగతి బయటపడింది. అధ్యాపకులందరూ ‘స్ట్రక్చర్ ఉండాలి, ఆర్గ్యుమెంట్ ఉండాలి’ అనే అంటారు, తీరా విడమర్చి చెప్పమంటే ఒక్కొక్కరి అర్థం ఒక్కో రకం, కొందరికి చెప్పడమే రాదు. చూస్తే గుర్తుపడతాం అంటారు. సాంబారులో ఉప్పు ఎంత వేస్తావంటే ‘తగినంత’ అనే అమ్మమ్మ లాగే. ఆవిడకి చెయ్యి తిరిగింది, వంట కొత్తగా నేర్చుకునేవాడికి ‘తగినంత’ ఎందుకూ పనికిరాదు. ఇందులో ఇంగ్లిష్ టీచరుకి వంట తెలియదు, సబ్జెక్ట్ ప్రొఫెసర్‌కి కొలత చెప్పడం తెలియదు. ఇద్దరూ ఒకే గదిలో ఉంటే తప్ప పని జరగదు. లండన్ కింగ్స్ కాలేజీలో ఉర్సులా వింగేట్ వాదించింది ఇదే, రాత నేర్పడం కోర్సులోపలే జరగాలి, విదేశీయులకి మాత్రమే కాదు అందరికీ అని. ఎంఐటీలో 2001లో చేరిన బ్యాచ్ నుంచి అండర్‌గ్రాడ్యుయేట్లందరికీ తమ సబ్జెక్ట్ కోర్సుల్లోనే రాయడం, మాట్లాడటం తప్పనిసరి చేశారు, బోస్టన్‌లో పుట్టిన పిల్లాడికైనా సరే. అకడమిక్ భాష ఎవరికీ మాతృభాష కాదని ఫ్రెంచ్ సామాజికవేత్త పియేర్ బోర్డ్యూ ఏనాడో అన్న మాట ఇక్కడ గుర్తుచేసుకోవచ్చు.

అయినా ఇది పెద్దగా వ్యాపించకపోవడానికి కారణం సిద్ధాంతాల్లో లేదు, జీతాల్లో ఉంది. ఇద్దరు టీచర్లు ఒకే క్లాసుకంటే ఖర్చు రెట్టింపు. ప్రొఫెసర్ ప్రమోషన్ పేపర్లని బట్టి వస్తుంది, విద్యార్థి ఉపోద్ఘాతం దిద్దితే రాదు. బ్రిటన్‌లో ప్రీ-సెషనల్ టీచర్లలో చాలామందిని వేసవికి మాత్రమే కాంట్రాక్టు మీద తీసుకుంటారు. కొన్ని యూనివర్సిటీలైతే ఆ పనిని ప్రైవేటు కంపెనీలకి అప్పజెప్పాయి. స్థానికులకన్నా రెండింతలు, మూడింతలు ఫీజు కట్టే విద్యార్థికి నేర్పే మనిషికి సెప్టెంబరు తర్వాత అక్కడ కుర్చీ ఉండదు.

రాత సంగతి ఇలా ఉంటే మాట సంగతి ఇంకో తీరు. సెమినార్ క్లాసుల్లో నోరు విప్పితేనే పది శాతం మార్కులు అనే చోట మనవాళ్లు నోట్సు రాసుకుంటూ కూర్చుంటారు. సొంత అభిప్రాయం లేక కాదు, వాక్యం మనసులో కట్టుకునేలోపు చర్చ ముందుకెళ్లిపోతుంది. పైగా ఎవరో మాట్లాడుతుండగా అందుకోవడం మనకి అమర్యాద. ఆఫీస్ అవర్స్ విద్యార్థులు వచ్చి అడగడానికే ప్రొఫెసర్ కేటాయించే సమయం. అది ప్రొఫెసర్ ఆఫీసు పనిలో ఉండే సమయం, అప్పుడు వెళ్లకూడదు అనుకునేవాళ్లు నిజంగానే ఉన్నారు. అమెరికాలో పుట్టి, ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చినవాళ్లలోనూ ఉన్నారు, అందుకే కొన్ని చోట్ల వాటి పేరే ‘స్టూడెంట్ అవర్స్’ అని మార్చారు. పేరు మార్చడం ఖర్చు లేని పని, అయినా చాలామంది ప్రొఫెసర్లకి తట్టదు.

మొదట్లో చెప్పిన మెయిల్‌ని ఇద్దరు టీచర్లూ కలిసి చెప్పే క్లాసులో తిరగరాయిస్తే వచ్చేది ఇది: ‘ప్రొఫెసర్ ఫలానా, అసైన్‌మెంట్ 2 మూడో ప్రశ్నలో నా మోడల్ ట్రైనింగ్ డేటా మీద 98 శాతం, టెస్ట్ డేటా మీద 61 శాతం చూపిస్తోంది. డ్రాపౌట్ పెట్టి చూశాను, తేడా రాలేదు. డేటాని విడగొట్టడంలో పొరపాటు చేశానేమో అనిపిస్తోంది. గురువారం ఆఫీస్ అవర్స్‌లో ఆ కోడ్ తెచ్చి చూపించవచ్చా?’ ఇంగ్లిష్‌లో పెడితే ఇందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు. ‘రెస్పెక్టెడ్’ పోయింది, గౌరవం పోలేదు. ప్రొఫెసర్ సమయాన్ని తినకుండా విషయం చెప్పడమే అక్కడ గౌరవం. ‘అనిపిస్తోంది’ మాత్రం మన ‘ఏమో’నే.

ఇక టీచింగ్ అసిస్టెంట్‌షిప్, అంటే డిగ్రీ క్లాసుల్లో పాఠం చెప్పడానికి సాయపడే టీఏ పని, దొరికినవాళ్ల కథ. ఫీజు మాఫీ, నెలనెలా స్టైపెండ్, అందరూ ఎదురుచూసేది దానికోసమే. దానికి ముందు మాట్లాడే పరీక్ష ఒకటి ఉంటుంది. 1980ల్లో అమెరికన్ విద్యార్థులు, తల్లిదండ్రులు విదేశీ టీఏల ఇంగ్లిష్ అర్థం కావడం లేదని గోల చేస్తే, రాష్ట్రాలు ఒక్కొక్కటే చట్టాలు చేశాయి. 1984లో కాథ్లీన్ బెయిలీ ‘ఫారిన్ టీఏ ప్రాబ్లమ్’ అని రాసింది, ఆ పేరు స్థిరపడింది. పరీక్ష తప్పినవాళ్లకి ఒక సెమిస్టర్ శిక్షణ. పది నిమిషాల పాఠం చెప్పించి వీడియో తీసి చూపిస్తారు. తెలుగువాళ్లకి అందులో దొరికే లోపాలు దాదాపు ఒకటే, అక్షరాలన్నిటికీ ఒకే బరువు. తెలుగు అలాగే నడుస్తుంది, ఇంగ్లిష్‌లో ఒక అక్షరం ఎత్తి మిగతావి మింగాలి. ‘వి’, ‘డబుల్యు’ రెండూ ఒకటైపోతాయి. ఇంకోటి, బోర్డుకేసి తిరిగి మాట్లాడటం, ఇది భాషకి సంబంధించింది కాదు, మన లెక్చరర్ల దగ్గర అబ్బింది. శిక్షణలో బాగా పనిచేసేది ఉచ్చారణ కసరత్తు కన్నా దారి చూపించే వాక్యాలు: ‘ఇప్పటిదాకా ఇది చూశాం, ఇప్పుడు రెండో కేసు, ఇది మొదటిదానికి ఎందుకు భిన్నమంటే.’ యాస అలాగే ఉన్నా ఇవి ఉంటే వినేవాడు దారి తప్పడు.

వినేవాడి మాట ఎవరూ ఎత్తరు, అదే ఇందులో లోటు. 1992లో జార్జియా యూనివర్సిటీలో డొనాల్డ్ రూబిన్ ఒక ప్రయోగం చేశాడు. ఒకే అమెరికన్ మహిళ గొంతుతో రికార్డు చేసిన లెక్చర్‌ని విద్యార్థులకి వినిపించాడు. కొందరికి తెరమీద తెల్లజాతి మహిళ ఫొటో, కొందరికి ఆసియా మహిళ ఫొటో. గొంతు ఒకటే, యాస ఒకటే, మాటలు ఒకటే. ఆసియా ముఖం చూసినవాళ్లు లేని యాసని విన్నారు, పైగా విన్నది తక్కువ గుర్తుపెట్టుకున్నారు. టీఏ ఎంత శిక్షణ తీసుకున్నా ఈ భాగం అతని చేతిలో లేదు. కొన్నేళ్ల తర్వాత రూబిన్, తన సహపరిశోధకులతో కలిసి రెండోవైపు కూడా ప్రయత్నించాడు, అమెరికన్ విద్యార్థుల్ని విదేశీ టీఏలతో చిన్న గుంపులుగా కూర్చోబెట్టి కలిసి పజిళ్లు విప్పమన్నారు. ఆ తర్వాత విదేశీ టీఏల మాట ఎంత అర్థమవుతోందని అడిగితే, అలా కూర్చోనివాళ్లకన్నా కూర్చున్నవాళ్లు ఎక్కువ అర్థమవుతోందన్నారు. దానికి పట్టింది సుమారు ఒక గంట. టీఏకి వేసే శిక్షణ ఒక సెమిస్టర్.